చాలనే చప్పుడు

రోట్లో ఉన్నవి నిమ్మగడ్డి మొదళ్ళు, చిన్న ఉల్లిపాయల తొక్కలు, ఎండుమిరపకాయల తొడిమలు. వీటితో ఎవరూ ఏ వంటా చెయ్యరు. అయినా దంపుడు బాబాయి వాటిని ఎంతో శ్రద్ధగా, నడుం వంచి దంచుతున్నాడు. రోకలి పైకి లేచినప్పుడల్లా ఆయన కళ్ళు కూడా దాంతోపాటు లేచి, పెచ్చులూడిన కప్పు మీద ఒక్క క్షణం ఆగి, మళ్ళీ రోట్లోకి దిగుతున్నాయి.

పైనుంచి చప్పుడు రావాలి. ఇంకా రాలేదు.

వంటగది పెద్దదేం కాదు. ఒక పక్క పొయ్యిల మీద ఎముకల నీళ్ళు మరుగుతున్న డేగిసాలు, ఇంకో పక్క నూడుల్సు ముంచి తీసే పొడుగు పిడి జల్లెళ్ళు, మధ్యలో ఎప్పుడూ తడిగా ఉండే తూము. తూము పక్కన గోడవారగా పీట వేసుకుని, కాళ్ళ మధ్య రాతిరోలు పెట్టుకుని ఈయన. బనీను వీపుకి అతుక్కుపోయింది. కుడి భుజం ఎడమ భుజం కన్నా లావు. చొక్కా కొలతలు తీసుకునేటప్పుడు దర్జీ ప్రతిసారీ నవ్వుతాడు, ఈయన ప్రతిసారీ సిగ్గుపడతాడు. కళ్ళు ఏ వేళ చూసినా ఎర్రగానే ఉంటాయి. కొత్తగా చూసినవాళ్ళు తాగుబోతనుకుంటారు గానీ, పాపం ఆ ఎరుపు మిరపకాయలది.

"ఇవాళ అవ్వ లేవలేదా ఏంటి బాబాయ్? నీ తొక్కలు పిండైపోతున్నాయి" అంది నూడుల్సు వదిన. ఈ కొట్లో నూడుల్సు ఉడకబెట్టేది ఆవిడే. వయసుతో నిమిత్తం లేకుండా అందరికీ వదినే. మనిషి భారీ, నోరు అంతకన్నా భారీ.

బాబాయి రోటి అంచుకి అతుక్కున్న తొక్కల్ని మధ్యలోకి తోశాడు.

అప్పుడు పైనుంచి వచ్చింది చప్పుడు. టక్. ఒక్కటే.

రోకలి గాల్లోనే ఆగిపోయింది. ఎప్పుడూ రెండు వస్తాయి. టక్, టక్. ఆ రెండోదాని కోసం ఆయన చెయ్యి దించకుండా అలాగే కూర్చున్నాడు. నూడుల్సు వదిన కూడా జల్లెడ పట్టుకుని పైకి చూసింది. రెండోది రాలేదు.

ఈ తతంగం ఏమిటో అర్థం కావాలంటే పైగదిలో ఉన్న అవ్వ సంగతి చెప్పాలి. కొట్టు ఆవిడదే. వయసులో ఉండగా ఓడరేవులో ఒక థాయ్ వంటామె దగ్గర గిన్నెలు కడిగే పనికి కుదిరి, గిన్నెలు కడుగుతూ కడుగుతూ ఆ వంట నేర్చేసుకుంది. తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకున్నది ఒక రాతిరోలు, ఒక సూపు. కొబ్బరిపాలు, మిరప ముద్ద, ఎముకల నీళ్ళు, అందులో నూడుల్సు, పైన నిమ్మరసం. నోట్లో పెట్టుకుంటే ముక్కు కారుతుంది, నెత్తి మీద చెమట పడుతుంది, చెవులు గుయ్యిమంటాయి, అయినా గిన్నె వదలబుద్ధి కాదు. వీధి వీధంతా ఆ సూపుకి అలవాటు పడిపోయింది. పడిశం పట్టినవాళ్ళు, ఇంట్లో పోట్లాడి వచ్చినవాళ్ళు, ఊరికే ఏడవడానికి ఒక సాకు కావలసినవాళ్ళు, అందరూ వచ్చి ఆ బల్లల ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ తింటారు.

ఆ సూపుకి ప్రాణం మిరప ముద్ద. ముద్ద అయిందో లేదో కళ్ళతో చూసి చెప్పకూడదట, చెవులతో విని చెప్పాలట. ఆ థాయ్ వంటామె అటు తిరిగి కూర్చుని, అవ్వ దంచుతుంటే వింటూ ఉండేదట. అయింది అనుకోగానే చేతికర్రతో నేల మీద రెండుసార్లు కొట్టేది. అవ్వ కూడా అదే పద్ధతి పెట్టింది. ముందు ఎండుమిరపకాయలూ ఉప్పూ వేస్తే రోలు గలగలమంటుంది. నిమ్మగడ్డి, థాయ్ అల్లం పడ్డాక చప్పుడు బొంగురుపోతుంది. ఉల్లీ వెల్లుల్లీ వేస్తే చప్‌చప్‌మంటుంది. చివర రొయ్యల ముద్ద వేసి ఇంకాసేపు దంచితే, ఒక చోట చప్పుడంతా లోపలికి దిగిపోయి, కడుపు నిండినవాడి గొంతులా మెత్తబడుతుంది. అక్కడ ఆపాలి. ముందు ఆపితే సూపు పచ్చివాసన, తరవాత ఆపితే చేదు.

బాబాయి పనిలో చేరిన కొత్తలో అవ్వ పక్కనే నిలబడి కర్ర కొట్టేది. ఆ కర్ర షట్టరు కిందికి లాగే కొక్కెం కర్ర. మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కాక మళ్ళీ దిగలేకపోయినప్పుడు ఆవిడ అడిగినవి రెండే. మంచం సరిగ్గా రోలుకి పైన వెయ్యాలి, షట్టరు కర్ర తనకి ఇవ్వాలి. అప్పట్నుంచీ కొట్టు మూసేటప్పుడు అవ్వ కూతురు ముక్కాలి పీట ఎక్కి, చేతుల్తో షట్టరు లాగుతోంది. ఆ కర్ర మటుకు పైనే ఉండిపోయి, పొద్దున్నా సాయంత్రం చాలు, చాలు అని చెబుతోంది.

ఇన్నేళ్ళలో దంపుడు బాబాయి తనంత తాను ఏనాడూ ఆపలేదు. ఆ మాటకొస్తే ఈయన జీవితంలో దేన్నీ తనంత తాను ఆపలేదు. కుర్రతనంలో ఇటుకల బట్టీలో ఈల వేస్తే పని మొదలు, ఈల వేస్తే పని బంద్. ఆ తరవాత గోదాములో మేస్త్రీ చెయ్యి ఎత్తేదాకా మూటలు మోశాడు. పెళ్ళి అన్నగారు కుదిర్చాడు, ఇల్లు భార్య చూసింది, జుట్టు ఎప్పుడు కత్తిరించుకోవాలో కూడా ఆవిడే చెబుతుంది. ఇందులో ఆయనకి ఏ లోటూ కనిపించలేదు. ఆపమని చెప్పే మనిషి ఒకరుంటే చాలు, ఎంతసేపైనా దంచగలడు.

గొడవంతా పోయిన వానల్లో మొదలైంది. అవ్వ కూతురు రుబ్బే మిషను కొంది. ఆవిణ్ణి అనడానికేం లేదు. బేరాలు పెరిగాయి, పనివాళ్ళు నిలవడం లేదు, పైన మంచం పట్టిన తల్లి, కింద మరిగే డేగిసాలు, మధ్యలో ఒక్క మనిషి. రోట్లో దంచిన ముద్ద పూటకి చాలడం లేదు. వెనక రేకుల షెడ్డులో తలుపు మూసుకుని, నీళ్ళ మోటారు వేసినప్పుడే మిషను కూడా వేస్తుంది, తల్లికి వినబడకుండా.

"అమ్మకి తెలిస్తే గుండె పగులుతుంది బాబాయ్" అంది అప్పుడు. "నువ్వు రోజూ కూర్చున్నట్టే కూర్చో. ఏదో ఒకటి దంచు. అమ్మ కొట్టగానే ఆపెయ్. అంతే. అమ్మ ఉన్నన్నాళ్ళూ నీ రోలుకేం ఢోకా లేదు."

ప్రేమగానే అంది. కానీ ఆ 'ఉన్నన్నాళ్ళూ' ఈయన గొంతులో చేపముల్లులా అడ్డంపడింది. మిషను వచ్చాక ఈ కొట్లో తన అవసరం ఒక్క అవ్వ చెవులకే మిగిలిందని ఆయనకి తెలుసు. ఆవిడ చెవులు మోసపోయినంత కాలం తనకి పీట ఉంటుంది. పసిగట్టిన రోజున అవ్వ మొహం ఎలా చూడాలి? ఆవిడే లేని రోజున ఎక్కడికి పోవాలి? ఈ రెండు భయాల మధ్య తొక్కలు దంచుతూ ఆయన చిక్కి సగమయ్యాడు. రాత్రిళ్ళు నిద్రలో మంచం పట్టె మీద చెయ్యి కొట్టుకుంటున్నాడని భార్య ఫిర్యాదు.

అసలు తప్పు నిన్న జరిగింది. సాయంత్రం దంపుడు వేళకి కరెంటు పోయింది. మిషను మూగబోయింది. "ఇవాళ్టికి నువ్వే దిక్కు బాబాయ్" అని అవ్వ కూతురు అసలైన సరుకంతా తెచ్చి రోట్లో పోసింది. ఎన్ని నెలలైందో అసలు మిరపకాయ రోట్లో పడి. ఈయన ఒళ్ళు మరిచిపోయి దంచాడు. గలగల, బొంగురు, చప్‌చప్, అన్నీ వరసగా వచ్చాయి. ముందు బల్లల దగ్గర జనం కేకలేస్తున్నారు. ఒక చోట చెయ్యి ఆగింది. ఆగాక గానీ ఆయనకి తెలియలేదు, పైనుంచి చప్పుడు రాలేదని. అవ్వ చాలనకముందే తను ఆపేశాడు! పోనీ ఇంకో రెండు దెబ్బలు వేద్దామని రోకలి ఎత్తేలోపు నూడుల్సు వదిన ముద్దంతా ఎత్తుకుపోయి డేగిసాలో వేసేసింది. నిన్న ఆ పూట పైనుంచి చప్పుడు రానే లేదు.

తొక్కల మోత విని విని ఉన్న చెవులకి ఒక్కసారిగా అసలు ముద్ద మోత వినబడితే తేడా తెలియకుండా ఉంటుందా? ఇన్నాళ్ళ అబద్ధాన్ని ఒక్క నిజం పట్టిచ్చేసిందని ఆయన రాత్రంతా పొర్లాడు.

"ఆవిడకి ఆ టైములో కునుకు పట్టుంటుందిలే" అంది భార్య, అటు తిరిగి పడుకుని. "పోనీ తెలిస్తే తెలిసింది. మంచం దిగొచ్చి నిన్ను కొడుతుందా?"

"కొట్టనందుకేనే నా భయం" అన్నాడు ఈయన.

ఇప్పుడు చూస్తే, ఇవాళ ఒక్కటే కొట్టింది. రోట్లో తొక్కలు ఎత్తి బకెట్లో పారబోస్తుండగా అవ్వ కూతురు మెట్లు దిగి వచ్చింది. చేతిలో ఖాళీ కాఫీ గ్లాసు. కొంగు నడుముకి బిగించి ఉంది, మొహం మటుకు వదులుగా ఉంది.

"అమ్మ నిన్ను పైకి రమ్మంటోంది బాబాయ్. మధ్యాహ్నం జనం పలచబడ్డాక."

"ఎందుకమ్మా?"

"చెప్పలేదు. నిన్నొక్కణ్ణే రమ్మంది." ఆవిడ గొంతు తగ్గించింది. "ఏమడిగినా తెలియదను. మిషను మాటెత్తావో, నా కొంప మునుగుతుంది."

ఆయన తలూపాడు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు, చెప్పనని చెప్పడం అంతకన్నా చేతకాదు.

మధ్యాహ్నం దాకా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. రోటి పని అయ్యాక బల్లలు తుడవడం, బల్ల బల్ల మీదా ఉన్న నాలుగు సీసాలూ నింపడం ఆయన పనే. కారం పొడి, మిరపకాయలు ఊరిన వెనిగరు, చేపల సాసు, పంచదార. సూపు వంటగదిలో ఎంత వండినా చివరి రుచి తినేవాడు ఈ సీసాలతోనే కలుపుకుంటాడు. ఇవాళ పంచదార సీసాలో కారం పోయబోయి, చివరి క్షణంలో చూసుకుని, దొంగలా అటూ ఇటూ చూశాడు. మూల బల్ల దగ్గర టోపీ పెట్టుకునే పెద్దాయన రోజూలాగే ముక్కు తుడుచుకుంటూ, "ఏం బాబాయ్, నిన్నటి సూపు అదిరిందయ్యా. ఇవాళేంటి ఇలా ఉంది?" అన్నాడు. మామూలు రోజైతే ఆ మాటకి ఈయన ఉబ్బిపోయేవాడు. ఇవాళ "ష్, గట్టిగా అనకండి" అని కప్పు కేసి చూశాడు. పెద్దాయన కూడా కప్పు కేసి చూశాడు. అక్కడేమీ కనబడలేదు.

జనం పలచబడ్డారు. అవ్వ కూతురు చిన్న గిన్నెలో సూపు పోసి, మూతపెట్టి చేతికిచ్చింది. "వేడిగా ఉంది, జాగ్రత్త" అంది. ఆ జాగ్రత్త సూపు గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

మెట్లు ఇరుకు. గోడకి పాత నూనె జిడ్డు. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే గిన్నె మీద మూత టకటకలాడింది.

గదిలో ఒక మంచం, ఒక కిటికీ, మందుల సీసాలున్న చిన్న బల్ల. దిండు పక్కన నొక్కితే కింద మోగే గంట బిళ్ళ ఉంది. కూతురు పెట్టించింది. అవ్వ దాన్ని ఏనాడూ నొక్కలేదు, కర్రే ఆవిడ గంట. మంచం పక్కన గచ్చు మీద, కర్ర తగిలి తగిలి, చిన్న గుంట పడింది. అవ్వ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఎండిన మిరపకాయంత మనిషి, రంగు కూడా ఇంచుమించు అదే.

"గుమ్మంలో నిలబడ్డావేంట్రా అబ్బాయ్, నేనేమన్నా పులినా?"

తల నెరిసినా అవ్వకి ఈయన అబ్బాయే.

"సూపు తెచ్చానవ్వా."

"ఆ మిషను సూపేనా? అక్కడ పెట్టు."

గిన్నె చేతిలోంచి జారబోయి, ఎలాగో బల్ల మీదికి చేరింది. ఈయన మంచం పక్కన గచ్చు మీద, సరిగ్గా ఆ గుంట దగ్గరే కూలబడ్డాడు.

"ఎప్పట్నుంచి తెలుసవ్వా?"

"మొదటి రోజే. ఉల్లి తొక్కలు ఉల్లిపాయల్లా మోగుతాయేంట్రా? నాకు చచ్చుబడింది కాళ్ళు, చెవులు కాదు. మా పిల్ల నీళ్ళ మోటారుతో పాటు ఇంకేదో వేస్తోందని కూడా తెలుసు. టాంకు నిండిపోయి నీళ్ళు వీధిలోకి పోతున్నా ఆపదు."

"మరి రోజూ కొడుతున్నారు కదా..."

"కొట్టకపోతే నువ్వు ఆపుతావా? ఆ తొక్కలు పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంటావు." అవ్వ నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక గొంతు మెత్తబడింది. "నేను కొట్టడం మానేస్తే ఆ రోలు తీసి మూల పడేస్తారు. రోలుతోపాటు నిన్నూ. మా పిల్లనీ అనలేం, ఒక్కత్తే ఎన్నని చూసుకుంటుంది? అందుకే కొడుతున్నా."

ఈయన కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి, అందులో నీళ్ళు తిరిగిన సంగతి పెద్దగా తెలియలేదు. ఇన్నాళ్ళూ తను అవ్వని మోసం చేస్తున్నానని కుమిలిపోయాడు. ఆవిడ పైన కూర్చుని, ఆ మోసాన్ని రెండు పూటలా ఓపిగ్గా మోస్తూ వచ్చింది.

"నిన్న..." అన్నాడు.

"ఆ, దానికే పిలిచాను. నిన్న ఎన్నాళ్ళకో అసలు మిరపకాయ వినబడింది. లేచి కూర్చున్నా. కర్ర ఎత్తి పట్టుకున్నా. ఇంకో రెండు దెబ్బలు పడనిచ్చి కొడదామని. నువ్వు ఆపేశావు."

"తప్పైపోయిందవ్వా. జనం కేకలేస్తుంటే..."

"నోర్ముయ్. ఆ రెండు దెబ్బలూ ఎక్కువయ్యేవి. రాత్రి వచ్చిన సూపు తిన్నాక తెలిసింది. లేటు చేసింది నేనురా. నువ్వు కాదు. అందుకే ఇవాళ రెండోది కొట్టడానికి చెయ్యి రాలేదు."

బాబాయి నేల మీద గుంటని వేలితో తడుముతూ కూర్చున్నాడు. అవ్వ మంచానికి ఆనించి ఉన్న కర్రని రెండు చేతుల్తో తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఇది తీసుకెళ్ళి ఆ మూల నిలబెట్టు. దగ్గరుంటే నా చెయ్యి ఊరుకోదు. ఈ కళ్ళజోడు కూడా దాని కొక్కేనికి తగిలించు, ముక్కు నొప్పెడుతోంది. సాయంత్రం ముద్ద నువ్వే చెయ్యి. తొక్కలు కాదు, అసలుది. నేను వింటా. కొట్టను."

"మీరు కొట్టకపోతే నాకెలా తెలుస్తుందవ్వా?"

"నిన్నెలా తెలిసింది?"

గుంట మీంచి వేలు తీసి, "ఏమో" అన్నాడు నిజాయితీగా.

"ఆ ఏమోతోనే దంచు. పో."

ఆయన కర్రని ఎదుటి మూల నిలబెట్టాడు. కళ్ళజోడు కొక్కేనికి తగిలించాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాడు. మంచం మీంచి ఆ మూలకి చాలా దూరం అనిపించింది. తిరిగి వెళ్ళి దగ్గర పెట్టాలని కాలు కదిపాడు కూడా.

"మళ్ళీ ఏంటి?" అంది అవ్వ.

"ఏం లేదవ్వా" అని దిగిపోయాడు. చెప్పిన చోట చెప్పినట్టు పెట్టడం ఆయనకి అలవాటైన పని.

కింద అవ్వ కూతురు మెట్ల దగ్గరే నిలబడి ఉంది. "ఏమంది? ఏమడిగింది?"

"సాయంత్రం ముద్ద నన్నే చెయ్యమంది. అసలుది." ఆయన నీళ్ళు నమిలాడు. "మిషను సంగతి తెలుసటమ్మా. మొదటి రోజు నుంచీ తెలుసట. టాంకు పొంగుతోందని కూడా తెలుసట."

ఆవిడ ముక్కాలి పీట మీద చతికిలబడింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో వెంటనే తెలియలేదు. "ఇన్నాళ్ళూ దొంగలా షెడ్డులో దూరి తలుపేసుకున్నాను కదా బాబాయ్! మాటవరసకైనా అడిగిందా ఒక్కసారి?" కాసేపటికి కొంగు తీసి, "సరే, ఈ పూటకి దంచు. రేపటి సంగతి రేపు చూద్దాం" అంది.

రేపటి సంగతి. ఇక కర్ర కొట్టనని అవ్వ అంది. కర్ర లేకపోతే తొక్కలూ ఉండవు. ఇక మిగిలేది ముద్దే. ఆ ముద్ద బాగా కుదిరితే పీట ఉంటుంది, లేకపోతే మిషను ఉండనే ఉంది. ఆపాల్సిన చోటు తనే ఎంచుకోవాలి. తప్పితే ఎవరి మీదా నెట్టడానికి లేదు. ఇటుకల బట్టీలోనూ గోదాములోనూ కూడా ఇంత బరువు ఆయన ఎత్తలేదు.

ఎండ వాలాక పీట వేసుకున్నాడు. రోలు కడిగి తుడిచాడు. మిరపకాయలు, ఉప్పు. గలగల మొదలైంది. మొదటి దెబ్బకే ఘాటు లేచి నూడుల్సు వదిన తుమ్మింది, తుమ్మి జల్లెడ పక్కన పెట్టేసింది. అవ్వ కూతురు కొబ్బరిపాల గిన్నె పట్టుకుని పొయ్యి దగ్గర ఆగిపోయింది. నిమ్మగడ్డి పడింది, చప్పుడు బొంగురుపోయింది. ఆయన కళ్ళు మాటిమాటికీ కప్పు కేసి పోతున్నాయి. బలవంతాన రోట్లోకి దించుకుంటున్నాడు. ఉల్లీ వెల్లుల్లీ వేశాక ఒకసారి ఆపాలనిపించింది. అది భయం అనుకుని ఆపలేదు. రొయ్యల ముద్ద వేశాడు. దంచుతూ దంచుతూ ఉండగా చప్పుడు లోపలికి దిగడం మొదలైంది. ఇదేనా? ఇంకా ఉందా? చెమట కళ్ళలోకి కారింది, తుడుచుకోలేదు. ఇంకొకటి. ఇంకొకటి.

చెయ్యి ఆగింది.

వంటగదిలో డేగిసా మరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అందరూ పైకి చూశారు. పైనుంచి ఏ చప్పుడూ లేదు. ఆయనకి ఇంకో రెండు దెబ్బలు వెయ్యాలని ఎంత అనిపించిందో చెప్పలేం. వేస్తే అవ్వ నవ్వుతుంది. రోకలి పక్కన పెట్టేశాడు.

"మాట మీద నిలబడింది ముసలమ్మ" అంది నూడుల్సు వదిన, మెల్లగా.

అవ్వ కూతురు ముద్ద ఎత్తి మరిగే పాలలో కలిపింది. ఎర్ర నూనె తేలింది, వాసన వంటగది దాటి వీధిలోకి పోయింది. గరిటె చివర రుచి చూసి ఆవిడ కాసేపు కళ్ళు మూసుకుంది. మొదటి గిన్నె తనే నింపి ఆయన చేతికిచ్చింది. "నువ్వే పట్టుకెళ్ళు. నీ ముద్ద నువ్వే తినిపించు."

మెట్లెక్కుతుంటే ఈసారి గిన్నె కదల్లేదు. ఏమంటుందో తెలుసు. ముందు తిడుతుంది. ఉప్పు ఎక్కువైందంటుంది. ఆ తరవాత ఏదో ఒకటి అంటుంది. దాన్ని ఇంటికి వెళ్ళి భార్యకి చెప్పాలి.

గదిలో లైటు వేసి లేదు. అవ్వ పక్కకి ఒరిగి పడుకుని ఉంది, తల మంచం అంచుకి వచ్చి, చెవి గచ్చు వైపు వంగి. వింటున్నట్టే ఉంది. ఒక చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది, వేళ్ళు ఆ గుంటకి కాస్త పైన. మధ్యాహ్నం తెచ్చిన సూపు బల్ల మీద ముట్టకుండా ఉంది, పైన నూనె గడ్డకట్టింది.

"అవ్వా, విన్నారా?" అన్నాడు.

ఇంకోసారి అన్నాడు. గిన్నె కింద పెట్టి, వేలాడుతున్న చేతిని తీసి మంచం మీద పెట్టబోయాడు. చల్లగా ఉంది.

ఆయన కేక పెట్టలేదు. మెట్ల దగ్గరికి వచ్చి, "అమ్మా, ఒకసారి పైకి రండి" అన్నాడు, ఉప్పు అయిపోయిందని చెప్పే గొంతుతో.

వీధి చివర డాక్టరు వచ్చి చూశాడు. పెద్దవయసు, నిద్రలోనే ప్రాణం పోయింది, బాధేమీ తెలిసి ఉండదు అన్నాడు. దంపుడు బాబాయి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, అంతమందిలో ఎవరూ అడగని ప్రశ్న అడిగాడు.

"ఎంతసేపైంది డాక్టరుగారూ?"

"కచ్చితంగా చెప్పలేమయ్యా. గంట కావచ్చు, కాస్త ఎక్కువే కావచ్చు. ఏం?"

"ఏం లేదండీ."

రోలు ముందు ఆయన కూర్చుని కూడా ఇంచుమించు అంతే అయింది. విందో లేదో. సగం విందో. ఆపింది విందో. మాట మీద నిలబడి కొట్టలేదో, కొట్టడానికి ఆవిడే లేదో. ఈ ముక్క చెప్పగల మనిషి ఒక్కరే, ఆవిడ గచ్చు వైపు చెవి పెట్టి పడుకుని ఉంది.

అవ్వ కూతురు తల్లి జుట్టు సర్దుతూ ఏడుస్తోంది. ఏడుస్తూనే మంచం పక్కన తడిమింది. తల ఎత్తి గదంతా చూసింది.

"కర్ర అక్కడ ఎవరు పెట్టారు?"

"నేనేనమ్మా" అన్నాడు బాబాయి. అవ్వే పెట్టమందని చెప్పాలి. గచ్చు మీద గుంట కేసి చూస్తూ చెప్పాడు. "అవ్వే పెట్టమంది. దగ్గరుంటే చెయ్యి ఊరుకోదంది."

ఆవిడ ఆయన మొహం కేసి చూసింది. ఆ చూపులో ఏముందో ఆయన చూడలేక తల దించుకున్నాడు. ఒకవేళ ఆయాసం వస్తే, ఒకవేళ పిలవాలనిపిస్తే, చెయ్యి చాపితే అందే చోట కర్ర లేదు. ఆ వేలాడే చెయ్యి దేనికోసం కిందికి జారింది? ఈ ఆలోచన ఇప్పుడే వచ్చింది. ఇక పోదని కూడా ఆయనకి అప్పుడే తెలిసింది.

అవ్వ కూతురు దిండు పక్కనున్న గంట బిళ్ళ చేతిలోకి తీసుకుంది. "ఇదీ పక్కనే ఉంది బాబాయ్. ఒక్కరోజు నొక్కలేదు మహాతల్లి. ఒక్కరోజు" అని దాన్ని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "జనం ఉన్నారు కింద. పంపించేసి షట్టరు దించాలి. కర్ర తీసుకెళ్ళు" అంది.

ఆయన మూలకి వెళ్ళాడు. చెయ్యి చాపాడు. అవ్వ తనకి అప్పజెప్పిన చివరి పని అది, చెప్పిన చోట పెట్టడం. చెయ్యి వెనక్కి తీసుకుని కిందికి దిగాడు.

బల్లల దగ్గర జనం మామూలుగానే ముక్కులు తుడుచుకుంటూ తింటున్నారు. టోపీ పెద్దాయన గిన్నె అడుగున మిగిలిన సూపు కోసం గిన్నె ఎత్తి తాగుతున్నాడు. నూడుల్సు వదిన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెవిలో చెబుతుంటే, ఒక్కొక్కరే లేచి, చెప్పులు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళారు. ఆఖరి మనిషి కూడా వెళ్ళాక దంపుడు బాబాయి ముక్కాలి పీట ఈడ్చుకొచ్చి, ఎక్కి, రెండు చేతుల్తో షట్టరు పట్టుకుని కిందికి లాగాడు. అది సగంలో ఒకసారి ఆగింది. ఆయన కూడా ఆగాడు, అలవాటుగా పైకి చూసి. మళ్ళీ లాగాడు.

పైన, మంచానికి అందనంత దూరంలో, ఆ మూల కర్ర నిలబడే ఉంది. దాని కొక్కేనికి తగిలించిన కళ్ళజోడు, కింద షట్టరు నేలకి తగిలిన అదురుకి కాసేపు ఊగి, ఆగింది.